స్త్రీల కూడికలో నా ఇంటర్నెట్

మొన్న శుక్రవారం మా చర్చి స్త్రీల కూడికలో నా ఇంటర్నెట్ కోసం ప్రార్థన చేశారు. నేను అడగలేదు. నేను అడిగింది వేరే. అది ఎక్కడికి పోయిందో చెబుతాను వినండి.

ఇంట్లో నేనూ, మా అమ్మాయి సుజాతా ఇద్దరమే ఉంటాం. ఇన్నాళ్లూ మాకు నెట్ అంటే పనస చెట్టే. పాత ఫోన్‌ని గుడ్డసంచిలో పెట్టి కొమ్మకు కట్టింది అమ్మాయి. సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. అక్కడి నుంచి ఇంట్లోకి వస్తుంది గానీ, నడుచుకుంటూ వస్తుంది. మంచు పడితే అదీ లేదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే కాబట్టి ముందు నా ఫోన్లో ఒక ప్రసంగం వింటాను. "ప్రియమైన" అని ఆగుతుంది, తెర మీద సున్నా తిరుగుతుంది. "సహోదరులారా" అనేసరికి నా టీ చల్లారిపోతుంది.

పోయిన వారం కేబుల్ సూరిబాబు మా వీధి దాకా తీగ లాగాడు.

"అమ్మా, కావాలో వద్దో శుక్రవారానికల్లా సెప్పీండి. ఆనక ఈ తీగచుట్ట పక్కూరు ఎల్లిపోద్ది."

"ఏటేటి ఉన్నాయి బాబూ?"

"ముప్పై, యాభై, వంద. స్పీడమ్మా."

"ఇప్పుడు మాకున్నది ఎంత?"

అతను పనస చెట్టుకేసి చూశాడు. "దానికి అంకె లేదమ్మా."

సుజాత ఆశ్రమ పాఠశాలలో టీచరు. దాన్ని అడిగితే, "వాడేది నువ్వే కదమ్మా, నువ్వే తేల్చు," అని జీపెక్కేసింది.

ఆ తేల్చడమే నాకు కష్టం. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుకుతున్నాను. ఈ సంగతి సుజాతకు తెలిస్తే చర్చిలో చదవడం మానిపించేస్తుందని భయం. నేను బడికి వెళ్లినదాన్ని కాను. పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. పదిమందిలో నిలబడి చదవడమొక్కటే నాకున్న గొప్ప. కొత్త నెట్టుకు పాస్‌వర్డ్ ఉంటుందట. అది మరిచిపోతే దొరికిపోతాను. అసలేదీ చెప్పకపోతే, ఇంతమాత్రం కూడా తేల్చుకోలేకపోయిందంటుంది.

పొద్దున్న కావాలనిపించేది, మధ్యాహ్నానికి వద్దనిపించేది. ఎదురింటి మార్తమ్మ, "ఆ పెట్టెకి లైట్లుంటాయి వదినా, కళ్లు పోతాయి," అంది. పాస్టరమ్మగారు, "వందే పెట్టించండి, మేమూ వచ్చి చూసుకుంటాం," అన్నారు. మూడో మనిషిని అడగడానికి బయల్దేరాను గానీ, ఎవరినో దారిలో మరిచిపోయాను.

చివరికి శుక్రవారం మధ్యాహ్నం తేల్చేశాను. మళ్లీ మరిచిపోకుండా చీటీ రాశాను. "చిన్న ప్లాన్ చాలు. తీగ పనస చెట్టు వైపు నుంచి తేవాలి. టీవీ వద్దు. పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో రాసివ్వాలి."

కూడికకు ఇంకో చీటీ రాశాను. మాకొక అలవాటుంది. ఎవరి మనవి వాళ్లు పేరు లేకుండా రాసి బిస్కెట్ డబ్బాలో వేస్తాం. ఎవరికి ఏ చీటీ వస్తే దాని కోసం వాళ్లు పైకి ప్రార్థన చేస్తారు. నా మనవి ఇది: "నా మతిమరుపు సంగతి మా అమ్మాయికి తెలియకుండా కాపాడు తండ్రీ."

రెండు చీటీలూ ఒకే నోటుబుక్కులోవి. రెండింటినీ నాలుగు మడతలే పెట్టాను. దారిలో సూరిబాబు నిచ్చెన మీదున్నాడు. కింద ఉన్న అతని సంచిలో ఒకటి పెట్టాను. రెండోది డబ్బాలో వేశాను.

ఆ చీటీ మార్తమ్మకు వచ్చింది. విప్పి రెండుసార్లు చదువుకుంది. పాపం, ఎవరి మనవినీ చిన్నచూపు చూడని మనిషి. కళ్లు మూసుకుంది.

"దయగల తండ్రీ, ఈ బిడ్డ అక్కర నీకు తెలుసు. చిన్న ప్లానే చాలంటోంది. దాని తగ్గింపును చూడు తండ్రీ. తీగను పనస చెట్టు వైపు నుంచి నడిపించు. టీవీ నుంచి కాపాడు. పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో దయచెయ్యి."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ మొదలుపెట్టాను. సగం ఆమేన్‌లో ఆగిపోయాను. అది ఇక్కడుంటే, రెండోది?

చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. అప్పటికే సుజాత జీపు దిగి వచ్చేసింది. సూరిబాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చీటీ సుజాత చేతిలో ఉంది.

"అమ్మా," అన్నాడతను ఎంతో మర్యాదగా, "ఈ ప్లాను మా కాడ లేదండి."

"ముప్పై బాబూ, ముప్పైదే పెట్టు. సంఘమంతా ఆమేన్ అనేసింది, ఇంక మార్చడానికి లేదు."

అతను నిచ్చెన ఎత్తుకుని వెళ్లిపోయాడు. సుజాత చీటీ మడిచి నా చేతిలో పెట్టింది.

"తెలిసిపోయిందా?" అన్నాను.

"తెలియడమేటమ్మా. పోయిన నెల నువ్వే కూర్చోబెట్టి చెప్పావు కదా. ఎవరికీ చెప్పనని మాట కూడా తీసుకున్నావు."

"మరి చర్చిలో చదవడం మానిపించవు కదా?"

"అదీ ఆ రోజే అడిగావు. మానిపించనన్నాను."

నాకైతే ఒక్క ముక్కా గుర్తు లేదు. ఎందుకైనా మంచిదని దాని చేత ఆ రెండు మాటలూ మళ్లీ అనిపించుకున్నాను. మధ్యలో ఇంకోసారి కూడా అడిగానట, ఇది మూడోసారట.