కదపనివ్వని వేలు

చేప కోస్తుంటే కత్తిపీట మీద నా కుడి అరచెయ్యి తెగింది. చూపుడువేలి కింద, లోతుగా. రక్తానికి భయపడలేదు గానీ, వేలు వంచుదామంటే వంగలేదు చూడండి, అప్పుడు భయమేసింది. లేసు అల్లే చెయ్యి అది. నరసాపురంలో పుట్టి, బళ్ళో అక్షరాలకంటే ముందు లేసు సూది పట్టినదాన్ని. ఆ వేలు ఆడకపోతే ఇంక నేనేం చెయ్యను?

భీమవరంలో ఆపరేషన్ చేశారు. వేలిని వంచే నరం తెగిందని, దాన్ని కుట్టానని, కట్టు ఉండగానే రోజూ రెండో చేత్తో ఆ వేలిని మెల్లగా వంచి వదలాలని డాక్టరుగారు చేసి చూపించారు. "లేకపోతే లోపల అతుక్కుపోతుందమ్మా" అన్నారు. బలమైన తిండి తినమన్నారు. మా అత్తగారు పక్కనే నిలబడి అన్నిటికీ "అలాగేనండి" అంది.

ఇంటికొచ్చాక ఆవిడ చట్టం వేరు. పప్పు తింటే చీము పడుతుందట. గుడ్డు, చేప, వంకాయ గుమ్మం తొక్కడానికి వీల్లేదు. పూటపూటా బీరకాయ కూర, చారు. వేలు ముట్టుకోబోతే "కుట్లు ఊడతాయే, ఊరుకో" అనేది. డాక్టరుగారు చెప్పారు కదండీ అంటే, "ఆయన కుట్టి ఊరుకున్నాడు, చూసుకోవాల్సింది మనం" అనేది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఆవిడకే వంతపాడారు. మా ఆయన సరేసరి, అమ్మ మాట దాటడు.

నేనేమీ నోరులేనిదాన్ని కాదు. గట్టిగానే దెబ్బలాడాను. కానీ ఆవిడ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, జడ వేసేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తిన్నావా అని అడిగిన పాపాన పోని మనిషి! ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది, ముద్ద మింగేసేదాన్ని.

కుట్లు విప్పారు. గాయం చక్కగా మానింది, చీము చుక్క లేదు. ఆవిడ వీధిలో అందరికీ నా అరచెయ్యి చూపించి మురిసిపోయింది. వేలు మాత్రం నా అంతట నేను వంచితే వంగదు. మళ్ళీ చూపించుకోడానికి వెళ్తే, ఆవిడ బయట బల్ల మీద కూర్చుంది, నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. నరం అతుక్కుపోయిందన్నారు డాక్టరుగారు. మళ్ళీ కోసి విడదీయాలట. అయినా మునుపటిలా వస్తుందని మాటివ్వలేనన్నారు.

డాక్టరుగారన్నది బస్సులో ఆవిడకి చెప్పలేదు. ఇంటికెళ్ళాక కడిగేద్దామనుకున్నాను.

ఇంట్లో అడుగుపెట్టామో లేదో, ఆవిడ నా దారం బుట్ట తెచ్చింది. "మానిపోయిందిగా, ఇంక పని మొదలెట్టుకోవచ్చు" అంటూ నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేలిని తన వేళ్ళతో వంచింది. వంగింది. "చూశావా, నే చెప్పలా" అని నవ్వి, సూది పట్టించి వదిలింది.

సూది కింద పడింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది. ఇంకోసారి తీయబోయి ఆగి, నా మొహంలోకి చూసింది.

"నా వల్లేనా?" అంది.

అంత కోపంతో వచ్చినదాన్ని, అవునని అనలేకపోయాను. కాదని కూడా అనలేదు.