ఆపమనే చెయ్యి

మా పెదనాన్న ఇంట్లోనూ చేతులతోనే మాట్లాడేవాడు. కార్ఖానా మోతలో మాట వినపడదు. కింద నిలబడి, పైన క్రేన్ నడిపేవాడికి సైగలు చెయ్యడం ఆయన పని. అన్నం చాలనుకుంటే కంచం మీద అరచెయ్యి చాపి కదలకుండా పట్టేవాడు. అంటే ఆపమని.

ఒకరోజు పనిలో ఆపమంటూ చాపిన ఆ చెయ్యి వణికింది. దించమంటున్నాడనుకుని పైవాడు బరువు దించేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పెదనాన్న మళ్ళీ క్రేన్ కిందికి వెళ్ళలేదు. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు.

నేను పనిచేసేది ఆ జబ్బు మీదే. రక్తంలో తిరిగే మైక్రో ఆర్ఎన్ఏ అనే చిన్న తునకలు వణుకు కంటే ముందే జబ్బు జాడ చెప్తాయేమోనని వెతుకుతున్నాం. అది విన్నప్పటి నుంచీ పెదనాన్న సోనారిలో ఉన్న మా ఇంటికొచ్చి, కూర్చోకుండా వరండాలో తిరిగేవాడు.

"ఏటమ్మా, తేలిందేటి?"

"ఇంకా పరిశోధనలోనే ఉంది పెదనాన్నా."

చివరిసారి కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. ఇప్పుడు కార్ఖానాలో ఆ సైగలు చేసేది ఈ అన్నయ్యే. "ఛోడో నా, వదులు నాన్నా" అని అతను గింజుకుంటున్నా, పెదనాన్న అతని చెయ్యి పట్టి నా ముందు పెట్టాడు.

"నాది తెలిసిపోనాది. ఇది ఒణక్కముందే సెప్పగలవేటి?"

ఆయన పట్టులో అన్నయ్య చెయ్యి కూడా వణుకుతోంది. ఆ వణుకు ఎవరిదో తెలియడం లేదు.

"ఒక్కసారి వదులు పెదనాన్నా, చూస్తాను" అన్నాను.

వదల్లేదు.