రోజ్‌మిల్క్ మిషనూ, సగంలో ఆగిన మాటా

ఆ రోజుల్లో నాకు తెలివి కాస్త ఎక్కువేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడా నమ్మకం లేదు, పోయినందుకు బాధా లేదు. తొంభైల మధ్యలో, ఇరవై రెండేళ్ల వయసులో, చూలై నుంచి రెండు బస్సులు మారి అంబత్తూరు ఎస్టేట్‌లోని ఒక రేకుల షెడ్డుకు వెళ్లేవాణ్ణి. సీసాలు నింపే మిషన్లకు కంట్రోల్ పెట్టెలు చేసే చిన్న కంపెనీ అది. ఆ పెట్టెలోని చిప్‌కు సీ భాషలో ప్రోగ్రాం రాయడం నా పని. ఆరు నెలల ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తూ లెటర్ ఇవ్వాలా, ఇంటికి పంపాలా అన్నది మొదలాళి (యజమానిని తమిళంలో అలాగే అంటారు) ఇష్టం. మా అవ్వ మాత్రం ఆ లెటర్ అప్పుడే చేతికొచ్చేసినట్టు వీధంతా చెప్పేసింది.

పెట్టెల్లో వైర్లు అతికే పనంతా, మేం సాల్డరింగ్ అక్క అని పిలిచే ఆవిడది. మాధవరం నుంచి వచ్చేది. షెడ్డులో మొదలాళి కాక తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే కాబట్టి, ఆమె టిఫిన్ డబ్బాలో సగం నాదైపోయింది. పదకొండేళ్లలో తను అతికిన వైరు ఒక్కటీ ఊడలేదని ఆమె రోజుకోసారి చెప్పేది. నేను రోజుకోసారి ఆవలించేవాణ్ణి.

అలా ఉండగా రోజ్‌మిల్క్ సిరప్ చేసే ఆసామి ఒకాయన మిషన్ కావాలని వచ్చాడు. సీసా నిండుతున్నప్పుడు కూడా బటన్లు, ముఖ్యంగా ఆపే ఎర్ర బటన్, పలకాలని షరతు పెట్టాడు. మా పాత ప్రోగ్రాం నింపడం మొదలుపెడితే అయ్యేదాకా తలెత్తి చూసేది కాదు. నాకు దారి చూపింది మా అవ్వే. ఆవిడ తాతను తిడుతుండగా పోస్ట్‌మాన్ వస్తే, తిట్టడం ఆపి, సంతకం పెట్టి, అతని కూతురి కాన్పు గురించి విచారించి, కుక్కరు దించి వచ్చి, సరిగ్గా ఆపిన మాట దగ్గరే అందుకునేది. (తాత కూడా అక్కడే కూర్చుని ఉండేవాడు, పాపం.) ఇలా మధ్యలో ఆగి, మళ్లీ ఆగిన చోటు నుంచే నడిచే ఫంక్షన్‌ను కోరొటీన్ అంటారని ఒక జిరాక్స్ పుస్తకంలో చదివాను. సీ భాషలో అటువంటిది లేదు. అయితేనేం, నేనున్నాను కదా! ఆగిన చోటికి ఒక నంబరు వేసి దాచిపెట్టి, తిరిగి రాగానే నేరుగా అక్కడికే దూకేలా రాశాను. సిరప్ పడుతూనే ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం క్షణానికోసారి బటన్ల వైపు చూసొస్తుంది.

ఈ ఘనకార్యమంతా అక్కకు వివరిస్తే, పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది. "అది సరే తంబీ. అట్లా పోయి వచ్చినాక, ఇంకా ఎంత పోయాల్నో దానికి గుర్తుంటాదా?"

"మా అవ్వకు గుర్తుండదా అక్కా!" అన్నాను, చదువుకున్నవాడి నవ్వొకటి నవ్వి.

మిషన్ చూపించే రోజు మొదలాళి తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వచ్చాడు. ఇరవై సీసాలు ముచ్చటగా నిండాయి. ఇరవై ఒకటోది సగంలో ఉండగా, ఆసామి ముచ్చటపడి ఎన్ని నిండాయో లెక్క చూపించే బటన్ నొక్కాడు. లెక్క కనిపించింది. సిరప్ మాత్రం ఆగలేదు. సీసా నిండి, బల్ల నిండి, గులాబీ రంగు ధార నేల మీదికి దిగింది. ఆపడానికి ఎర్ర బటన్ కావాలని పట్టుబట్టిన ఆసామే దాన్ని మరిచిపోయి రెండు చేతులతో సీసా మూతి మూశాడు. దాంతో ఆ ధార మొదలాళి పంచె మీదికి తిరిగింది. చివరికి ప్లగ్గు పీకింది అక్క.

"యోవ్! ఏందప్పా ఇది? లూజ్ కనెక్షనా?" అని అరిచాడు మొదలాళి.

"ఆడ వైరు బాగానే ఉండాది సార్," అంది అక్క.

అందరూ నా వైపు చూశారు. నేను వైర్ల వైపు చూశాను.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం ముందేసుకుంటే తప్పు కనబడింది. ఆగిన చోటు దాచానే గానీ, ఇంకా ఎంత పోయాలన్న అంకెను దాచలేదు. ఫంక్షన్ బయటికి రాగానే ఆ అంకె ఉన్న జాగా ఖాళీ కింద లెక్క. ఎవరూ బటన్ నొక్కనంతసేపూ అంకె అదృష్టం కొద్దీ అక్కడే పడి ఉంది. నొక్కగానే లెక్క చూపించే ఫంక్షన్ ఆ జాగాలో తన సామాను పెట్టుకుంది. అక్క అడిగింది సరిగ్గా ఇదే. ప్రోగ్రాంలో ఆ అంకె పేరుకు ముందు 'స్టాటిక్' అన్న ఒకే ఒక్క మాట చేరిస్తే దాని జాగా దానికే ఉండిపోతుంది. మర్నాడు మొదలాళి చెప్పడంతో అక్క కళ్లు చికిలించుకుని ప్రతి అతుకూ విప్పి మళ్లీ అతికింది. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు నేను ఆ ఒక్క మాటా చేర్చి చిప్ మార్చేశాను. మిషన్ బంగారంలా నడిచింది.

"చూసినావా, వైరింగే!" అన్నాడు మొదలాళి. వారం తిరక్కుండా అక్కను రావద్దన్నాడు.

ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. "అక్కా, ఆ తప్పు..." అన్నాను. ఆమె తలెత్తింది. ఆమెకు అప్పటికే తెలుసని ఆ చూపులోనే నాకు తెలిసింది. అంతలో గది గుమ్మంలోంచి మొదలాళి, "రాప్పా, నీ లెటరు రెడీ!" అని కేకేశాడు.

"పో తంబీ. మీ అవ్వ కాచుకొని ఉంటాది," అంది అక్క.

వెళ్లాను. తిరిగొచ్చేసరికి అక్క స్టూలు ఖాళీగా ఉంది. తర్వాత ఒక ఆదివారం మాధవరం దాకా పోయి, బస్టాండులో టీ తాగి, అడ్రసు తెలియదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని తిరిగొచ్చాను. (ఆఫీసు రిజిస్టరులో అడ్రసు ఉంది. అదీ నాకు తెలుసు.)

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో కొత్త భాష చూపిస్తూ, "ఇందులో ఫంక్షన్ మధ్యలో ఆగినా లోపలి విలువలన్నీ భద్రంగా ఉంటాయి సార్, మనమేం చూసుకోనక్కర్లేదు," అంది. నవ్వొచ్చింది. ఆ ఇరవై రెండేళ్ల తెలివైనవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు, ఇలా నవ్వే వస్తుంది. "అక్కా, ఆ తప్పు" దగ్గర ఆగాను. ఆగిన చోటూ గుర్తుంది, చెప్పాల్సిందీ పొల్లు పోకుండా గుర్తుంది. మా అవ్వకైతే, తిరిగొచ్చేసరికి తాత అక్కడే కూర్చుని ఉండేవాడు.