మూడో షెడ్డులో కలగాపులగం

మా వదిన, నేను ఒకే కోళ్ల ఫారంలో పని చేస్తున్నాం. నేను గుడ్లు ఏరి అట్టల్లో సర్దుతాను. మూడో షెడ్డు పదకొండేళ్లుగా వదినదే. తీగల గూటికి నాలుగు కోళ్ల చొప్పున రెండు వేల కోళ్లు. ఏ గూట్లో ఏది పెత్తనం చేస్తుందో, ఏది మేతకి చివర వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మా అన్న పుట్టినరోజు మాత్రం ఇప్పటికీ గుర్తుండదు.

ఆ మధ్య కొన్ని కోళ్లు చనిపోయి గూళ్లలో ఖాళీలు పడ్డాయి. యజమాని చూడ్డానికి వస్తున్నాడని మేనేజరు ఒకటే హడావుడి. అక్కడివి ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి మార్చి ముందు వరుసల్లో ప్రతి గూడూ నిండుగా కనబడేలా చేయాలట. దానికాయన పెట్టిన ముద్దుపేరు ‘సర్దుడు’. సర్దుడట, నా మొహం!

వదిన బతిమాలింది. “శుక్రవారం టీకా ఉంది సార్. ఇప్పుడు కొత్తవాటితో కలిపితే కొట్టుకు చస్తాయి. అంత బెదురు మీద టీకా వేస్తే ఒంటికి పట్టదు. మూడు వారాలు ఆగండి.”

“కోళ్లకి కూడా బెంగలేంటమ్మా? పెళ్లై వచ్చి నువ్వు సర్దుకోలేదా?”

“సర్దుకున్నాను సార్. మా అత్తగారు ముక్కుతో పొడవలేదు.”

అత్తగారంటే మా అమ్మే. అయినా నవ్వాపుకోలేకపోయాను. మేనేజరూ నవ్వాడు. నవ్వి, సాయంత్రానికల్లా సర్దెయ్యమన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఉద్యోగం కదా, వదినే ఒక్కో కోడినీ పట్టి మార్చింది. మర్నాటికి జుట్లన్నీ నెత్తురు. బక్కవి మూలకి నక్కి మేతకే రాలేదు. టీకా అయినా వాయిదా వెయ్యమంది. తేదీ తేదీయేనన్నాడు ఆ మహానుభావుడు. యజమాని వచ్చి, గుమ్మంలోంచే చూసి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా రోగం దిగింది. అదే రోజు అదే మందు వేసిన రెండో షెడ్డు నిక్షేపంగా ఉంది. మూడో షెడ్డులో కలిపిన వరుసలు ముందు కూలాయి, తర్వాత మిగతావి. డాక్టరు నెత్తురు పరీక్ష చేయించి టీకా సరిగా పట్టలేదన్నాడు.

“టీకాకి ముందు వీటిని కదిపారా?”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “ఈ షెడ్డు ఆవిడదేనండీ. కదిపింది ఆవిడే.”

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

“నువ్వుండవే. నేనే కదిపాను డాక్టరుగారూ. చెయ్యకూడదని తెలిసీ చేశాను.”

డాక్టరు మేనేజరు వైపోసారి చూశాడు. రోగం పాకకుండా షెడ్డులోని కోళ్లన్నిటినీ చంపి పూడ్చాల్సిందేనన్నాడు. కోళ్లని పట్టడానికి బయటి నుంచి మనుషుల్ని పిలిపిస్తానని మేనేజరు ఫోను తీశాడు.

“ఎవర్నీ పిలవకండి,” అంది వదిన. “నేనే తీస్తాను. కొత్తవాళ్లు పట్టుకుంటే బెదురుతాయి.”