చేనులోనే ఉన్న పసుపు

ఈ రోజు తొమ్మిదో తరగతికి డిజిటల్ బోర్డు మీద ఒక పాఠం చెప్పాను. ఫోన్‌లో వచ్చినదాన్ని నమ్మే ముందు ఎవరు పంపారు, ఎప్పటిది అని అడగాలన్నాను. నిజమైన వార్త ఎలా ఉంటుందో చూపడానికి పొద్దున నాకొచ్చిన ఫొటో పెట్టాను. మార్కెట్ యార్డు నిండా పసుపు కుప్పలు, కింద ‘ఆర్మూర్, ఈ ఉదయం’ అని రాసి ఉంది.

పసుపు పండించే ఇంటి పిల్ల శ్రావణి దాన్ని అనుమానంగా చూసింది.

“గిది ఇయ్యాల్టిది కాదు టీచర్. ఇంకా పసుపు తవ్వుడే షురూ కాలే. నిన్ననే మా నాయిన చేనుకు నీళ్లు పెట్టిండు.”

క్లాసంతా తలలూపింది. ఇన్నేళ్లుగా ఆర్మూర్‌లో ఉంటున్నా నాకు ఆ మాత్రం తట్టలేదు.

“మీకెవలు పంపిన్రు టీచర్?”

పంపింది మా హెడ్మాస్టర్. “ఎవరో తెలిసినవాళ్లు” అన్నాను. శ్రావణి ఇందాక ఫొటోను చూసినట్టే నన్నూ చూసింది.

అప్పటికే నేను దాన్ని ఇక్కడ, నా పేజీలో కూడా పెట్టేశాను. మీరంతా లైకులు కొట్టారు గానీ ఎప్పటిదని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పండి, నన్ను నమ్మి కొట్టారా, అసలు చూడకుండానే కొట్టారా?