పెట్టె మీద సుద్ద గీతలు

పెద్దబాపు పోయాడని పోయిన నెల ఒక పొద్దున బాపు ఫోన్ చేశాడు. చాయ్ తాగి, గిలాస పక్కన పెట్టి, గోడకు ఒరిగాడట. కునుకు తీస్తున్నాడనుకుని పెద్దవ్వ చాలాసేపు లేపలేదట. అంతకన్నా చెప్పలేక బాపు "నువ్వు రా బిడ్డా" అని ఫోన్ పెట్టేశాడు. కరీంనగర్ బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడినప్పుడు నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. ఇక ఏదైనా ఆగిపోతే ఎవరిని పిలవాలి అన్న భయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు కన్నా పెద్దవాడు కాబట్టి నాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దవ్వ. మా వాడంతా మరమగ్గాల వాడ. మగ్గం చెడిపోతే బాగుచేసే మేస్త్రి ఆయన. నలభై ఏళ్ళు ఆ పని చేసి, మోకాళ్ళు వంగడం మానేశాక, ఏదో ఆఫీసులో పాతదైపోయిందని మూలకు నెట్టిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. విప్పి చూద్దామనే తెచ్చాడట. విప్పాడు, బిగించాడు, నడిచింది. ముందు గదిలో బల్ల మీద పెట్టి నెట్ పెట్టించాడు. బోర్డు లేదు, పేరు లేదు. హాల్ టికెట్లు, ఫలితాలు, సర్టిఫికెట్ల దరఖాస్తులు, అన్నిటికీ వాడ పిల్లలం అక్కడికే పోయేవాళ్ళం. ఆయన చదివింది ఐదో తరగతి. తెర మీద ఇంగ్లీషు కనబడితే మాతో చదివించుకునేవాడు. అర్థం మేం చెప్పాలి, సంగతి ఆయన చెప్పాలి.

మా షెడ్లలో ఒక అలవాటు ఉంది. మగ్గం మాటిమాటికీ ఆగుతుంటే, నేసే మనిషి అది ఆగినప్పుడల్లా దాని మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. మేస్త్రి వచ్చి గీతలు చూసి జబ్బు ఎంత ముదిరిందో అంచనా వేస్తాడు. బాగయ్యాక తన చేత్తోనే తుడిచేస్తాడు. కారణం దొరికే దాకా ఆ గీతలను ఎవరూ ముట్టరు. పెద్దబాపు ఆ అలవాటును కంప్యూటర్ దగ్గరికీ తెచ్చాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. బల్ల కింద ఉండే కంప్యూటర్ నల్లపెట్టె మీద గీతలు వచ్చేవి, పోయేవి. పెట్టె దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేవాడు, జ్వరం చూసినట్టు. "యంత్రం అలగది. ఆగిందంటే ఏదో అడ్డం పడ్డట్టే" అనేవాడు.

నాకు ఆ ధైర్యం ఎప్పుడూ లేదు. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఒక జాగ్రత్త నేర్పుతారు. ఏది ఇరుక్కున్నా, చప్పుడు కాస్త మారినా, ముందు గోడ మీది స్విచ్ బంద్ చెయ్యాలి. చూడడం తర్వాత. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె దారి తప్పి ఎగిరితే ఏమవుతుందో బాపు కనుబొమ్మ మీది మచ్చ చెబుతుంది. ఆ రోజు స్విచ్ దాకా పరుగెత్తింది నేనే. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ పరుగు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

ఇంటర్ పాసయ్యాక, డిగ్రీ సీటు కోసం ఏయే కాలేజీలు కావాలో నెట్‌లో వరసగా పెట్టుకోవాలి. రెండు రోజులు ముందే రమ్మని పెద్దబాపు చెప్పాడు. నేను పోలేదు. ఏది ముందు పెట్టాలో, తప్పు పెడితే ఏమవుతుందో తెలియక ఆఖరి రోజు దాకా ఆగాను. మా ఇంట్లో అడగడానికి బడి మొహం చూసినవాళ్ళు లేరు. సాయంత్రం ఐదింటికి గడువు. అది దాటితే అవ్వ బీడీలు చుట్టే చాట పక్కన నేనూ ఒక చాట పెట్టుకుని కూర్చోవడమే. అవ్వ ఆ మాట ఒక్కనాడూ అనలేదు. కానీ రెండో చాట అటక మీద నుంచి దిగింది. దులిపి గోడకు ఆనించి ఎండకు పెట్టి ఉండగా, దాన్ని దాటుకునే నేను పెద్దబాపు ఇంటికి పోయాను.

మధ్యాహ్నం రెండింటికి కూర్చుని పద్నాలుగు కాలేజీల పేర్లు ఎక్కించాను. ఒక్కసారీ సేవ్ చెయ్యలేదు, అన్నీ అయ్యాక చేద్దామనుకున్నాను. పదిహేనోది నొక్కగానే పేజీ తెల్లబడింది. బాణం గుర్తు చిన్న వలయంగా మారి తిరగసాగింది. మళ్ళీ నొక్కాను. కదల్లేదు. ఇంకా నొక్కాను. పేజీ స్పందించడం లేదు, ఆగుతారా, మూసేస్తారా అని ఒక చిన్న గడి వచ్చింది. అది పూర్తిగా చదవనే లేదు, నా చెయ్యి లేచి గోడ మీది స్విచ్ ఆపేసింది.

తెర నల్లబడింది. పక్క షెడ్డులో మగ్గాల మోత అప్పుడే మొదలైనట్టు చెవులకు తగిలింది.

పెద్దబాపు లోపలి నుంచి వచ్చి స్విచ్ వైపు చూశాడు, తర్వాత నా వైపు. "ఎవరు బంద్ జేసిన్రు?" అన్నాడు.

నేనేనని చెప్పాను.

"నాడె ఎగుర్తదనుకున్నవా?" అన్నాడు నవ్వకుండా. "నీ తప్పు గాదు బిడ్డా, మగ్గం కాడ నేర్సిన చెయ్యి గది. గని ఇది ఆగితే ఎవ్వరికీ దెబ్బ తాకది. చేతులు ఒళ్ళె పెట్టుకో. నేను చెప్పేదాక తియ్యకు."

సుద్ద తీసి పెట్టె మీద ఒక గీత గీశాడు.

పెట్టె మళ్ళీ లేవడానికి నాకు ఒక యుగం పట్టినట్టయింది. బ్రౌజర్ తెరవగానే, ఇంతకుముందటి పేజీలన్నీ మళ్ళీ తెరవమంటారా అని అడిగింది. నా పద్నాలుగు పేర్లు అందులో ఉంటాయని ఆశపడ్డాను. పెద్దబాపు వద్దన్నాడు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళు తెరిచి వదిలేసిన పేజీలు తొమ్మిదో పదో ఉన్నాయి, అన్నీ కలిసి లేస్తే ఈ ముసలిది మళ్ళీ కూలబడుతుందన్నాడు. నా పేజీ ఒక్కటే కొత్తగా తెరిపించాడు. లోపలికి పోయి చూస్తే పేర్లు లేవు. ఒక్కటీ లేదు. మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టి మూడో పేరు దగ్గరికి వచ్చానో లేదో, పేజీ మళ్ళీ తెల్లబడింది. రెండో గీత.

ఈసారి మూడు మీటలు కలిపి నొక్కి, లోపల నడుస్తున్నవాటి జాబితా తెప్పించాడు. అన్నిటికన్నా ఎక్కువ జాగా తింటున్నది ఏదో నన్ను చదవమన్నాడు. బ్రౌజరే. పాటలు దించుకోవడానికి ఎవరో దానికి ఏదో తగిలించి పోయారు, అది వెనక ఊరికే నడుస్తోంది. దాన్ని తీసేయించాడు. పాత పేజీల తాలూకు పేరుకుపోయిన సామానంతా చెరిపేయమన్నాడు. నేను మౌస్ ముట్టలేదు. అందులో నా రిజిస్ట్రేషన్ కూడా పోతే ఎట్లా అని అడిగాను.

"నీది వాళ్ళ కాడ ఉంటది, మన కాడ కాదు. మనం ఊడ్సేది మన ఇల్లు" అన్నాడు.

చెరిపాను. నాలుగు పేర్ల దాకా నడిచింది. ఆగింది. మూడో గీత.

అప్పటికి మూడున్నర దాటింది. బాపు షెడ్డు నుంచి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు కానీ లోపలికి రాలేదు. బజారులో ఉన్న సెంటర్లు చూసొచ్చాడట, లైన్లు రోడ్డు మీదికి వచ్చాయట. "అయితదా అన్నా?" అని అడిగాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. కనుబొమ్మ పగిలిన రోజు కూడా ఆయన అట్లా మాట్లాడలేదు.

"పరేషాన్ గాకు తమ్మీ. మగ్గమైతే ఒక్కటి గుద్దుదువు, దీన్ని గుద్దరాదు" అని పెద్దబాపు కింద కూర్చున్నాడు. వంగని మోకాళ్ళను ఎట్లాగో మడిచి కూర్చుని, పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. ఈసారి వెంటనే తీసేశాడు. నన్నూ ముట్టుకుని చూడమన్నాడు. నేను భయపడుతూ వేలు పెట్టాను. పొయ్యి మీది గిన్నెలా కాలింది.

కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపించి, తీగలు పీకి, పక్క రేకు విప్పాడు. లోపల చిన్న ఫ్యాను ఉంది. దాని రెక్కల మధ్య నూలు పీచు బొద్దుగా, తెల్లగా, పిచ్చుక గూడులా పేరుకుని ఉంది. పక్క షెడ్డులో మగ్గం ఆడినన్నాళ్ళూ గాల్లో ఎగిరి వచ్చిన పీచు. ఇన్నేళ్ళుగా మా బట్టల మీద, జుట్టు మీద, అన్నం మీద రాలినదే. గాలి ఆడక పెట్టె వేడెక్కుతోంది, వేడెక్కితే మందగిస్తోంది, ఆ మీద బరువు పేజీ పడగానే నిలబడిపోతోంది.

పెద్దవ్వ వంటింట్లోంచి తొంగి చూసింది. "మగ్గాలు ఇప్పి ఇప్పి అయిపోయింది, ఇగ డబ్బా ఇప్పినవా? పొల్ల సీటు అందులనే పడ్డదా?" అంది. ఎవరం నవ్వలేదు. మగ్గాల సందుల్లో పీచు తీసే పాత కుంచెతో ఆయన దాన్ని కొంచెం కొంచెం లాగాడు. తొందరపడలేదు. నేను గోడ గడియారం చూస్తుంటే నా మొహాన్ని చేత్తో ఇటు తిప్పి, పీచు పట్టుకోమని ఇచ్చాడు. నా రెండు అరచేతులూ నిండాయి.

మళ్ళీ మొదలుపెట్టేసరికి నాలుగుంబావు. ప్రతి ఐదు పేర్లకూ ఒకసారి సేవ్ చేయించాడు. వలయం తిరిగినప్పుడల్లా నా చెయ్యి గోడ వైపు లేచేది, ఆయన "ఒళ్ళె" అనేవాడు. ఒకసారి వలయం చాలాసేపు తిరిగింది. గుమ్మంలో బాపు ఊపిరి నాకు వినబడింది. "అది పని జేస్తున్నది. జేయనియ్యి" అన్నాడు పెద్దబాపు మెల్లగా. పేజీ తిరిగొచ్చింది. ఇరవై రెండు పేర్లు నిలిచాయి. ఐదింటికి ఇంకా కొద్ది నిమిషాలు ఉండగా పక్కనున్న ప్రింటర్‌లోంచి రసీదు కాగితం బయటికి వచ్చింది. పెద్దబాపు బొటనవేలు తడి చేసుకుని పెట్టె మీది మూడు గీతలూ తుడిచేశాడు.

ఇంటికి పోయేసరికి అవ్వ రెండో చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరుతోంది.

ఆ సీటుతో కరీంనగర్ వచ్చాను. డిగ్రీ అయింది, ఇప్పుడు బీఎడ్ చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్‌లో ఏ తెర ఆగినా ఇప్పటికీ నా కళ్ళు ముందు గోడ మీది స్విచ్‌ను వెతుకుతాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను, ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాను. భయం పోలేదు. భయపడుతూనే చేసే పద్ధతి ఒకటి దొరికింది. అది ఆయన ఇచ్చిందే.

పదకొండో రోజు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక పెద్దవ్వ నన్ను ఉండమంది. నేను కాలేజీల పేర్లు పెట్టిన ఆనాటి సాయంత్రం పెద్దబాపు అన్నం ముట్టలేదని అప్పుడు చెప్పింది. నా కాగితం వచ్చి నేను ఇంటికి పోయాక, వంటింట్లోకి వచ్చి ఆమె ముందు చేతులు చాపి చూపించాడట. రెండూ వణుకుతున్నాయట. "నా డబ్బను నమ్ముకొని వచ్చింది పొల్ల, జరంతైతే ఆగం జేసేటోణ్ణి" అన్నాడట. నాకు ఆ వణుకు కనబడలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆ చేతులను చూస్తూనే కూర్చున్నాను. అయినా కనబడలేదు.

"పిల్లలు అచ్చి ఉత్తగనే పోతున్నరు. ఒకసారి చూడు బిడ్డా" అని పెద్దవ్వ ముందు గది లైటు వేసింది.

బల్ల కింద నల్లపెట్టె మీద నాలుగు సుద్ద గీతలు ఉన్నాయి. ఆఖరి వారమంతా దాన్నే పట్టుకుని కూర్చున్నాడట. ఈసారి దొరుకుతలేదు, ఇంకోటేదో ఉన్నది అంటుండేవాడట. తుడిచే మనిషి లేడు. నేను ముందు రేకు విప్పి చూశాను. ఫ్యాను శుభ్రంగా, నిన్ననే కుంచె పట్టినట్టుంది. మళ్ళీ బిగించి, స్విచ్ వేసి, ఒక్క పేజీ తెరిచాను.

కాసేపు నడిచింది. తర్వాత తెర తెల్లబడింది.

నా కుడి చెయ్యి గోడ వైపు లేచింది. సగం దాకా పోయి ఆగింది. పెద్దవ్వ నా వైపే చూస్తోంది. బల్ల మీద, ఆయన కళ్ళద్దాల పక్కన సుద్దముక్క ఉంది, చిటికెన వేలి గోరంత. దాన్ని తీసుకుని, నాలుగు గీతల పక్కన ఐదోది గీశాను. అది వంకరగా వచ్చింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి, కిటికీలోంచి పీచు సన్నగా లోపలికి రాలుతోంది, తెర మధ్యలో ఆ చిన్న వలయం తిరుగుతూనే ఉంది.