నేల మీద ముద్ర

లొరెట్టా హ్రుస్కా ఏ వస్తువునైనా తిరగేసి చూస్తుంది. సూపర్‌మార్కెట్లో మాంసం కోసే బల్ల వెనకే ఆమె బతుకు గడిచింది. ఎర్రటి ముక్కలు పైన, కొవ్వు అడుగున పెట్టి పొట్లం కట్టమని మొదట్లో ఆమెకు ఎవరో నేర్పారు. ఆమె అలా కట్టలేదు. లోకం మాత్రం అలాగే కడుతుందని నమ్మింది. మొగుడు డ్వేన్ ఇల్లు విడిచి వెళ్లాక ఆ నమ్మకం మరీ గట్టిపడింది.

కూతురు టెస్సాకు పదిహేడేళ్లు. ఎక్కడ చేరాలో తేల్చుకోవడానికి ఏప్రిల్ సెలవుల్లో ఇద్దరూ కారేసుకుని పెన్సిల్వేనియాలో కాలేజీలు చూస్తున్నారు.

మొదటి కాలేజీలో పచ్చిక అప్పుడే కోసిన వాసన.

"మనం వస్తున్నామని కోశారు," అంది లొరెట్టా.

రెండో కాలేజీలో హాస్టల్ గది చూపించారు. మంచం మీద దుప్పటికి ముడత లేదు.

"ఈ గదిలో ఎవరూ ఉండట్లేదు."

"అమ్మా, మెల్లగా!"

టెస్సా నాలుగడుగులు ముందుకు జరిగి, ఇంకెవరి కూతురో అన్నట్టు నడిచింది. కాలేజీ చూడ్డానికొచ్చిన ఆ గుంపులో పిల్లలందరూ అలాగే నడుస్తున్నారు.

మూడోది కొండల నడుమ చిన్న కాలేజీ. చూద్దామన్నది టెస్సాయే. డ్వేన్ ఇప్పుడుంటున్న ఊరు దానికి పక్కనే. లొరెట్టా ఆ సంగతి ఎత్తలేదు. దారంతా పిల్ల మొహం ఓరగా చూస్తూ కారు నడిపింది. నాలుగేళ్ల చదువు పేరుతో పిల్ల తండ్రి వైపు జారిపోతుందా? ఆమెకున్న భయం అదొక్కటే.

కాలేజీ చూపించే అమ్మాయి ఇక్కడా గుంపు వైపు తిరిగి వెనక్కి నడుస్తూనే మాట్లాడుతోంది.

"వీళ్లంతా ఇలా వెనక్కి నడుస్తారెందుకో," అన్నాడు పక్కనున్న ఓ తండ్రి.

"మనం ఏం చూస్తున్నామో చూడ్డానికి," అంది లొరెట్టా.

పాత భవనం నడవలో, గచ్చు మధ్యలో కాలేజీ ముద్ర ఉంది. ఇత్తడిది, బండి చక్రమంత. ఆ అమ్మాయి ముందే అవతలి గుమ్మం చేరి ఎదురుచూస్తోంది. గుంపు తిన్నగా ముద్ర మీదుగా నడిచింది. టెస్సా ఒక్కతే పక్కకు తొలగి, అంచు వెంట చుట్టి వెళ్లింది.

"అయ్యయ్యో, తొక్కేశారు!" అమ్మాయి చప్పట్లు కొట్టింది. "దాన్ని తొక్కినవాళ్లకి పట్టా రాదని ఇక్కడ నమ్మకం."

అందరూ నవ్వారు. లొరెట్టా నవ్వలేదు. చెప్పకముందే పిల్లకెలా తెలిసింది?

ఆ తర్వాత ఆమె భవనాలను చూడలేదు. పిల్లనే చూసింది. భోజనాల హాల్లో పళ్లేలు స్తంభం చాటున ఉన్నాయి. టెస్సా ఎవర్నీ అడక్కుండా అక్కడికే పోయింది.

ఎదురుగా కూర్చున్నాక లొరెట్టా అడిగింది. "ఎప్పుడొచ్చావే?"

"ఎక్కడికి?"

"నాటకాలాడకు. ఆ ముద్ర చుట్టూ తిరిగెళ్లావు."

టెస్సా సూప్‌లో చెంచా తిప్పింది. "అక్టోబర్లో. నాన్నతో."

"బౌలింగ్ ఆటకి వెళ్లామన్నావ్ కదే!"

"దానికీ వెళ్లాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వీ గడప తొక్కేదానివా?"

లొరెట్టా, "ఆయనింట్లో ఉండి చదువుతావా?" అంది.

"ఆ గురక ఎవరు పడతారమ్మా! హాస్టల్లోనే."

"ఆయనేమన్నాడు, ఇదంతా చూసి?"

"బాగుందన్నాడు. మొక్కలు బాగున్నాయి, గదులు బాగున్నాయి. వాళ్లు కాలేజీ గురించి చెప్తుంటే నిద్రపోయాడు."

లొరెట్టా పెదవి బిగబట్టుకుంది. నవ్వు రాకుండా.

"ఆయనకి అన్నీ బాగుంటాయి. నీకేదీ బాగుండదు. అందుకే నిన్ను తీసుకొచ్చా," అంది టెస్సా, సూప్‌లోకి చూస్తూ. "నాకిది నచ్చింది. ఏదైనా లోపం ఉంటే నీకే కనబడుతుంది. చూసి చెప్పు."

లొరెట్టా తన పళ్లెంలో మాంసం ముక్కని తిరగేసింది. అడుగు కాస్త మాడింది.

"మాడ్చారు," అంది.

"అంతేనా?"

"ఉండు, ఇంకా ఏం చూశానని." మాడిన ముక్క తినేసింది.

బయటికొచ్చేటప్పుడు మళ్లీ ఆ నడవే. ముద్ర ముందు లొరెట్టా ఆగింది. తర్వాత గోడ పక్కనుంచి చుట్టి నడిచింది.

"నువ్వు చదవట్లేదుగా!" అంది టెస్సా.

"నోర్మూసుకుని పద. హాస్టల్లో స్నానాల గదులెక్కడో నీకు తెలిసే ఉంటుంది. చూపించు."